మొబైల్ యాప్ అప్‌డేట్‌ను దశలవారీగా విడుదల చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

యాప్‌లు తయారుచేసే బృందాల్లో కొత్తగా చేరినవారు, సపోర్టు విభాగంలో ఫోన్లు ఎత్తేవారు, సొంతంగా ఒక చిన్న యాప్ నడుపుకునేవారు విడుదల సమయంలో మమ్మల్ని అడుగుతూ వచ్చిన ప్రశ్నలను, వాటికి మేము చెప్పే సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాము. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటి గురించీ రాశాము గానీ, మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి వివరాలు అటువైపు కొంచెం ఎక్కువగా ఉంటాయి.

దశలవారీ విడుదల అంటే ఏమిటి?

కొత్త వెర్షన్‌ను అందరికీ ఒకేసారి పంపకుండా, మొదట వందలో ఒకరికో ఇద్దరికో పంపి, వారి ఫోన్లలో అది ఎలా నడుస్తున్నదో గమనించి, బాగానే ఉందని తేలినకొద్దీ మిగిలినవారికి పెంచుకుంటూ పోవడమే దశలవారీ విడుదల. గూగుల్ దీన్ని స్టేజ్డ్ రోల్‌అవుట్ అంటుంది, యాపిల్ ఫేజ్డ్ రిలీజ్ అంటుంది. గూగుల్ ప్లేలో ఈ సదుపాయం 2013లో, యాప్ స్టోర్‌లో 2017లో వచ్చింది.

ఫోన్లోకి ఒకసారి దిగిన వెర్షన్‌ను మనం వెనక్కి లాగలేము. వెబ్‌సైట్‌లో తప్పు దొర్లితే సర్వర్‌లో పాత కోడ్ పెట్టేయగానే కొన్ని నిమిషాల్లో అందరికీ సర్దుకుంటుంది. యాప్‌కు ఆ వీలు లేదు. ఎవరి ఫోన్లో తప్పు వెర్షన్ ఉందో, వారు తర్వాతి వెర్షన్ దింపుకునేదాకా దానితోనే ఉంటారు. కింద మేము చెప్పే జాగ్రత్తలన్నిటికీ మూలం ఇదే.

టెస్టింగ్ బృందం పరీక్షించి సరే అన్న తర్వాత మళ్లీ ఈ దశలు ఎందుకు?

టెస్టింగ్ బృందం ఎంత శ్రద్ధగా పనిచేసినా వారి బల్ల మీద ఉండేవి ఇరవయ్యో ముప్పయ్యో ఫోన్లు. జనం చేతుల్లో ఉన్నవి వేల రకాలు. పైగా జనం ఫోన్లలో స్టోరేజీ నిండిపోయి ఉంటుంది, బ్యాటరీ సేవర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది, నెట్‌వర్క్ బస్సు మలుపు తిరిగినప్పుడల్లా పోయి వస్తుంటుంది, యాప్‌లోని డేటా నాలుగైదేళ్ల కిందటి వెర్షన్ల నుంచి పోగుపడుతూ వచ్చి ఉంటుంది. వీటన్నిటినీ ఒక గదిలో సృష్టించడం ఎవరి వల్లా కాదు.

ఆండ్రాయిడ్‌లో తేదీని అక్షరరూపంలోకి మార్చేటప్పుడు ఫోన్ భాషను అనుసరించమని కోడ్‌లో రాస్తే ఏమవుతుందో చూడండి. ఫోన్ భాష తెలుగైనా, హిందీ అయినా, ఇంగ్లీషైనా అంకెలు 1, 2, 3 గానే వస్తాయి. మరాఠీ అయితే మాత్రం దేవనాగరి అంకెలు, బెంగాలీ అయితే బెంగాలీ అంకెలు వస్తాయి. ఆ తేదీని అలాగే సర్వర్‌కు పంపే కోడ్‌ను హైదరాబాద్‌లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఫోన్ల మీద ఎన్నిసార్లు పరీక్షించినా దోషం బయటపడదు. నాందేడ్‌లో ఫోన్‌ను మరాఠీలో పెట్టుకున్న మనిషి మొదటిసారి టికెట్ బుక్ చేయబోయినప్పుడే సర్వర్ ఆ తేదీని అర్థం చేసుకోలేక తిప్పికొడుతుంది. ఆ మనిషి ఒక శాతంలో ఒకరైతే మనకు ఒక పాఠం దొరుకుతుంది. వంద శాతంలో ఒకరైతే అటువంటివారు వేలమంది ఆ రోజు ప్రయాణం మానుకుంటారు.

దశలు లేకుండా పంపితే నష్టం ఎంత వేగంగా పాకుతుందో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. అది మొబైల్ యాప్ కాదు, కంప్యూటర్ల భద్రతకు క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ పంపే ఒక చిన్న ఫైలు. దాన్ని దశలు లేకుండా విండోస్ యంత్రాలకు పంపారు. తప్పు గుర్తించి 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అప్పటికే సుమారు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది. ఆ తర్వాత ఆ సంస్థ అటువంటి ఫైళ్లను కూడా దశలవారీగానే పంపడం మొదలుపెట్టింది.

గూగుల్ ప్లేలో ఇది ఎలా జరుగుతుంది?

ప్లే కన్సోల్‌లో (గూగుల్ ప్లేలో మన యాప్‌ను నిర్వహించుకునే వెబ్‌సైట్) ప్రొడక్షన్ విడుదలను, అంటే జనానికి వెళ్లే అసలు విడుదలను, సిద్ధం చేసేటప్పుడు ఎంత శాతం మందికి పంపాలో మనమే వేస్తాము. ఆ శాతంలోకి ఎవరు వస్తారన్నది గూగుల్ యాదృచ్ఛికంగా ఎంచుతుంది. ఎంపికైనవారికి ఆ సంగతి తెలియదు. ఇప్పటికే యాప్ వాడుతున్నవారే కాక, ఆ రోజే మొదటిసారి దింపుకునేవారు కూడా ఆ ఎంపికలోకి రావచ్చు. కావాలనుకుంటే కొన్ని దేశాలకే పరిమితం చేయవచ్చు.

శాతం దానంతట అది పెరగదు. కన్సోల్‌లో ఎవరో ఒకరు కూర్చుని పెంచాలి, లేదా కన్సోల్ పనులను ప్రోగ్రాముతో చేయించే పబ్లిషింగ్ ఏపీఐ ద్వారా పెంచే స్క్రిప్టు రాసుకోవాలి. ఇది మంచి పద్ధతేనని మా అభిప్రాయం, ఎందుకంటే పెంచే ప్రతిసారీ ఒక మనిషి గ్రాఫుల వైపు చూసి ‘సరే’ అనవలసి ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. 10 శాతం అని వేసిన గంటకు 10 శాతం ఫోన్లలో కొత్త వెర్షన్ చేరి ఉండదు. అంతమంది దాన్ని అందుకోవడానికి అర్హులయ్యారని మాత్రమే దాని అర్థం. నిజంగా ఎన్ని ఫోన్లలోకి దిగిందో ఇన్‌స్టాల్ లెక్కల్లో విడిగా చూసుకోవాలి. అర్హుల సంఖ్యను చేరినవారి సంఖ్యగా భావించి ‘పదివేలమందికి వెళ్లింది, ఒక్క ఫిర్యాదూ లేదు’ అని సంతోషపడి శాతం పెంచేసిన బృందాలను మేము చూశాము. అప్పటికి ఆ పదివేలమందిలో నాలుగు వందల మంది కూడా యాప్ తెరిచి ఉండలేదు.

ఐఫోన్‌లో తేడా ఏమిటి?

తేడా చాలా ఉంది. యాపిల్ పద్ధతిలో శాతాలు మన చేతిలో ఉండవు. మొదటి రోజు 1, తర్వాత వరుసగా 2, 5, 10, 20, 50, ఏడో రోజు 100 శాతం, ఇదే మెట్ల వరుస. యాపిల్ వారి కన్సోల్ అయిన యాప్ స్టోర్ కనెక్ట్‌లో మధ్యలో పాజ్ చేయవచ్చు; ఎన్నిసార్లు ఆపినా అన్నీ కలిపి 30 రోజులకు మించకూడదు. అంతా బాగుందనుకుంటే ఏ రోజైనా అందరికీ ఒకేసారి వదలవచ్చు. ఎంపిక ఫోన్‌ను బట్టి కాక యాపిల్ ఖాతాను బట్టి జరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన తేడా వేరే ఉంది. ఈ మెట్లు ఆటోమేటిక్ అప్‌డేట్‌లు ఆన్‌లో ఉన్నవారికి మాత్రమే వర్తిస్తాయి. యాప్ స్టోర్‌లోకి వెళ్లి స్వయంగా అప్‌డేట్ నొక్కినవారికి, కొత్తగా దింపుకునేవారికి మొదటి రోజే, విడుదల పాజ్‌లో ఉన్నా సరే, కొత్త వెర్షనే వస్తుంది. అంటే ఐఫోన్‌లో పాజ్ అన్నది తలుపు మూయడం కాదు, తలుపు దగ్గర రద్దీని తగ్గించడం మాత్రమే. కాబట్టి ఐఫోన్ వెర్షన్‌లో ప్రమాదకరమైన మార్పు ఏదైనా ఉంటే దాన్ని సర్వర్ నుంచి ఆపివేయగల ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలని మేము పట్టుబడతాము.

ఎంత శాతంతో మొదలుపెట్టాలి? మాది చిన్న యాప్, మాకూ 1 శాతమేనా?

కాదు. శాతం చూసి నిర్ణయించకండి, మనుషుల సంఖ్య చూసి నిర్ణయించండి.

పది లక్షల మంది వాడే యాప్‌కు 1 శాతం అంటే పదివేలమంది. వెయ్యిమందిలో ఒకరికి వచ్చే దోషం ఉంటే అందులో పదిసార్లు కనిపిస్తుంది. అది సరిపోతుంది. అయిదువేలమంది వాడే యాప్‌కు 1 శాతం అంటే యాభైమందే. రెండు వందల మందిలో ఒకరిని ఇబ్బంది పెట్టే దోషం, అంటే చిన్నదేమీ కాని దోషం, ఆ యాభైమందిలో కనీసం ఒక్కసారైనా కనిపించే అవకాశం 22 శాతమే. మిగిలిన 78 శాతం సందర్భాల్లో గ్రాఫు నిశ్చలంగా ఉంటుంది, మీరు నిశ్చింతగా ముందుకు వెళతారు, దోషం మీతోపాటు ముందుకు వస్తుంది.

గణితంలో దీనికి ఒక తేలిక లెక్క ఉంది. ఇంతమందిలో ఒకరికి వచ్చే దోషం ఒక్కసారైనా కనిపిస్తుందని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, ఆ సంఖ్యకు మూడు రెట్ల మంది వాడాలి. రెండు వందలలో ఒకటి అయితే 600 మంది, వెయ్యిలో ఒకటి అయితే 3,000 మంది. ‘వాడాలి’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. మీరు మార్చింది చెల్లింపు పేజీ అయితే, యాప్ తెరిచినవారిని కాదు, చెల్లింపు దాకా వెళ్లినవారిని లెక్కపెట్టాలి. అందుకే అయిదువేలమంది ఉన్న యాప్‌కు మేము 20 శాతంతో మొదలుపెట్టమనే చెబుతాము. పెద్ద యాప్‌లలో మాకు అలవాటైన వరుస 1, 5, 20, 50, 100. ఇందులో 20 దగ్గర ఎక్కువసేపు ఆగుతాము. 50కి చేరాక కొత్తగా తెలిసేది తక్కువ, అప్పటికి జరిగే నష్టం మాత్రం ఎక్కువ.

ఒక్కో దశలో ఎంతకాలం ఆగాలి?

కనీసం ఒక పూర్తి రోజు, అంటే పొద్దుటి రద్దీ, మధ్యాహ్నం, రాత్రి అన్నీ కలిసిన 24 గంటలు ఆగాలి. అంతకన్నా తక్కువైతే చూసినట్టు లెక్క కాదు. అయితే కాలం లెక్క కన్నా, ఆ కాలంలో ఎవరెవరి ఫోన్లలోకి చేరిందన్నది ముఖ్యం.

ఆండ్రాయిడ్‌లో యాప్‌లు వాటంతట అవి అప్‌డేట్ కావడానికి మామూలుగా కొన్ని షరతులు ఉంటాయి. ఫోన్ వైఫైలో ఉండాలి, చార్జింగ్‌లో ఉండాలి, ఎవరూ వాడకుండా పక్కన ఉండాలి, ఆ యాప్ తెర మీద తెరిచి ఉండకూడదు. ఇప్పుడు ఆలోచించండి, ఈ షరతులన్నీ మొదట ఎవరికి కుదురుతాయి? ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండి, రాత్రి మంచం పక్కన చార్జింగ్ పెట్టుకుని నిద్రపోయేవారికి. వారి ఫోన్లు సాధారణంగా కొత్తవి, మెమరీ ఎక్కువ ఉన్నవి. రోజుకు ఇంత డేటా అని రీచార్జి చేయించుకుని మొబైల్ నెట్‌తోనే గడిపేవారికి, వైఫై ఎప్పుడూ తగలని పల్లెటూరి ఫోన్లకు అప్‌డేట్ చాలా ఆలస్యంగా వెళుతుంది. తక్కువ మెమరీ ఉన్న ఫోన్లలోనే దోషాలు ఎక్కువగా బయటపడతాయి; ఆ ఫోన్లే చివరికి వస్తాయి. మొదటి రోజు అంకెలు అందంగా కనిపించడానికి ఇది ఒక పెద్ద కారణం.

కాబట్టి దశ పెంచేముందు, కొత్త వెర్షన్ చేరిన ఫోన్లలో 2, 3 జీబీ మెమరీ ఉన్నవి ఎన్ని అన్న లెక్క చూడమని మా బృందంలో నియమం పెట్టుకున్నాము. పాత వెర్షన్ వాడేవారిలో అవి ఎంత వాటా ఉన్నాయో దాదాపు ఆ వాటా కొత్త వెర్షన్‌లోనూ కనిపించేదాకా 20 శాతం దాటము. ఒక్కోసారి అందుకు నాలుగైదు రోజులు పడుతుంది. ఆ ఆలస్యం మాకు సమ్మతమే.

నెలకు ఒకసారి జరిగే పని ఏదైనా యాప్‌లో ఉంటే, ఉదాహరణకు ఒకటో తేదీన బిల్లు తయారవడం లాంటిది, ఆ తేదీ చిన్న దశలో ఉండగానే దాటిపోయేలా చూసుకోవడం మంచిది.

దశ నడుస్తున్నప్పుడు ఏమేమి చూడాలి?

మొదట క్రాష్‌లు, అంటే యాప్ ఉన్నట్టుండి మూసుకుపోవడం, తర్వాత యాప్ బిగుసుకుపోవడం. నొక్కినదానికి అయిదు సెకన్లలోపు స్పందించకపోతే ఆండ్రాయిడ్ దాన్ని ఏఎన్ఆర్ అని నమోదు చేస్తుంది. గూగుల్ పెట్టిన హద్దుల ప్రకారం రోజువారీ వాడుకరులలో వాడుతుండగా క్రాష్ ఎదుర్కొన్నవారు 1.09 శాతం, ఏఎన్ఆర్ ఎదుర్కొన్నవారు 0.47 శాతం దాటితే ఆ యాప్ స్టోర్‌లో నలుగురికీ కనిపించే అవకాశం తగ్గవచ్చు. ఏదైనా ఒక్క ఫోన్ మోడల్‌లో 8 శాతం దాటినా ఆ మోడల్ వారికి అదే జరగవచ్చు. ఇవి మీ లక్ష్యాలు కావు. 1.09కి చేరేదాకా ఫరవాలేదనుకోవడం, జ్వరం 104 దాకా వస్తే చూద్దాంలే అనుకోవడం లాంటిది. మీ పాత వెర్షన్ అదే రోజుల్లో, అదే గంటల్లో ఎలా ఉందో దానితో పోల్చండి. పాత వెర్షన్‌లో వెయ్యికి రెండు ఉన్నది కొత్తదానిలో వెయ్యికి నాలుగైతే, గూగుల్ హద్దుకు ఎంత దూరంలో ఉన్నా అది ఆగవలసిన సంకేతమే.

కానీ క్రాష్ గ్రాఫు చూపలేని దోషాలే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టాయి. కొంతకాలం కిందట మేము పనిచేసిన ఒక బిల్లుల యాప్‌లో కొత్త వెర్షన్ 5 శాతం దశలో ఉంది. క్రాష్‌లు లేవు, ఏఎన్ఆర్‌లు లేవు, రేటింగు తగ్గలేదు. ఒక సహోద్యోగి మాత్రం చెల్లింపు పూర్తిచేసేవారి సంఖ్యను భాషలవారీగా విడదీసి చూసి, తెలుగు ఎంచుకున్నవారిలో అది కొంత తగ్గిందని పట్టుకున్నారు. సపోర్టు విభాగం వారు చెల్లింపు మధ్యలో ఆగిపోయిన కొందరికి ఫోన్ చేశారు. ఒక పెద్దాయన ‘నేను కట్టేశానమ్మా, కట్టినట్టు తెర మీద కూడా వచ్చింది’ అని గట్టిగా చెప్పారు. ఆయన పంపిన స్క్రీన్‌షాట్ చూశాక విషయం తెలిసింది. ఆయన చూపు కోసం ఫోన్లో అక్షరాలను బాగా పెద్దవి చేసుకున్నారు. మేము కొత్తగా పెట్టిన బటన్ మీద ‘చెల్లింపు పూర్తి చేయండి’ అని ఉంది. పెద్ద అక్షరాలలో అది ఒక వరుసలో పట్టక, ‘చేయండి’ రెండో వరుసలోకి జారింది. బటన్ ఎత్తును కోడ్‌లో ఒక కొలతకు బిగించి ఉంచడంతో రెండో వరుస కనబడలేదు. ఆకుపచ్చ బటన్ మీద ‘చెల్లింపు పూర్తి’ అని మాత్రమే మిగిలింది. ఆయన అది చదివి, డబ్బు కట్టడం అయిపోయిందని నమ్మి, యాప్ మూసేశారు.

ఇంగ్లీషులో ఆ బటన్‌కు ఈ గతి పట్టదు. క్రియ వాక్యం చివర వచ్చే భాషలోనే పడుతుంది. ఆ వెర్షన్‌ను అప్పటికప్పుడు ఆపాము. ఆ 5 శాతంలో తెలుగు ఎంచుకుని చెల్లింపు మధ్యలో ఆగినవారందరికీ గడువు దాటకముందే కబురు చేశాము. అదే వంద శాతం అయి ఉంటే అందరికీ ఫోన్ చేయడం సాధ్యమయ్యేది కాదు. అప్పటినుంచీ యాప్‌లో జరిగే ముఖ్యమైన పని ఎంతమందికి పూర్తవుతున్నదో భాషనుబట్టి, అక్షరాల పరిమాణాన్నిబట్టి విడదీసి చూసే గ్రాఫును క్రాష్ గ్రాఫు పక్కనే పెట్టుకున్నాము. యాప్ దేనికోసం ఉందో ఆ పని జరుగుతున్నదా లేదా అన్నదే అసలు కొలత.

తప్పు కనిపించింది. మొదట ఏమి చేయాలి?

ఆపండి. కారణం ఏమిటో వెతకడం తర్వాత. ప్లే కన్సోల్‌లో హాల్ట్ నొక్కితే ఇకమీదట కొత్తవారికి వెళ్లదు. అనవసరంగా ఆపామని తేలితే మళ్లీ కొనసాగించవచ్చు. ఆపినందువల్ల పోయేది కొన్ని గంటలే.

ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఉండాలి. పెంచడానికి ఇద్దరి సమ్మతి కావాలని పెట్టుకోండి, ఆపడానికి మాత్రం డ్యూటీలో ఉన్న ఎవరికైనా అధికారం ఇవ్వండి. ఏ అంకె దాటితే ఆపాలన్నది విడుదలకు ముందే, మనసు నిలకడగా ఉన్నప్పుడే కాగితం మీద రాసుకోవాలి. రాత్రి పదకొండింటికి గ్రాఫు పైకి లేచినప్పుడు ఆ అంకె గురించి వాదించుకోవడం మొదలుపెడితే తెల్లవారిపోతుంది.

ఆపినా, ఇప్పటికే ఆ వెర్షన్ చేరినవారు దానితోనే ఉండిపోతారని మరిచిపోకూడదు. వారికి విముక్తి సరిచేసిన కొత్త వెర్షన్ ద్వారానే. దాన్ని పంపేటప్పుడు, తప్పు వెర్షన్ ఎంత శాతం దాకా వెళ్లిందో అంతకు తగ్గని శాతంతో మొదలుపెట్టడం న్యాయం. ఐఫోన్‌లో అయితే సరిచేసిన వెర్షన్‌ను రివ్యూకు పంపేటప్పుడు త్వరగా చూడమని యాపిల్‌ను కోరే సదుపాయం ఉంది. దాన్ని నిజంగా అవసరమైనప్పుడే వాడండి.

సరిచేయడానికి సమయం పడుతుంది. పాత వెర్షన్‌నే మళ్లీ పెట్టేస్తే సరిపోదా?

పాత ఫైలును ఉన్నదున్నట్టుగా పెట్టడం కుదరదు, ఎందుకంటే కొత్తగా పంపేదాని వెర్షన్ కోడ్ (ప్రతి వెర్షన్‌కూ వేసే సంఖ్య) ఎప్పుడూ ముందుదానికన్నా పెద్ద సంఖ్య అయి ఉండాలి. పాత కోడ్‌కే పెద్ద సంఖ్య వేసి మళ్లీ బిల్డ్ చేసి, అంటే యాప్ ఫైలుగా తయారుచేసి, పంపవచ్చు. చాలామంది చేసేది అదే.

అందులో ఒక గొయ్యి ఉంది. తప్పు వెర్షన్ ఫోన్లోని డేటాబేస్ రూపాన్ని మార్చి, దాని సంఖ్యను 7 నుంచి 8కి పెంచిందనుకోండి. పాత కోడ్‌కు తెలిసినది 7 మాత్రమే. ఫోన్లో 8 కనబడగానే, వెనక్కి ఎలా మార్చాలో మనం చెప్పి ఉండకపోతే, ఆండ్రాయిడ్‌లో డేటాబేస్‌ను నడిపే ఎస్‌క్యూలైట్ దాన్ని తెరవడానికి నిరాకరించి యాప్‌ను పడేస్తుంది. చిన్న దోషం నుంచి కాపాడబోయి, యాప్ అసలు తెరుచుకోని స్థితికి తెచ్చినవారమవుతాము. కాబట్టి డేటాబేస్ మార్పును, తెర మీది మార్పులను ఒకే విడుదలలో కలపకపోవడం మంచిది. ముందు ఒక వెర్షన్‌లో డేటాబేస్ మార్పు మాత్రమే పంపి, అది వంద శాతానికి చేరి కుదురుకున్నాక, దాన్ని వాడుకునే కొత్త తెరలను తర్వాతి వెర్షన్‌లో పంపండి.

సర్వర్ బృందం ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

దశలవారీ విడుదల అంటే పాత వెర్షన్, కొత్త వెర్షన్ రెండూ రోజుల తరబడి పక్కపక్కనే నడుస్తాయని అర్థం. సర్వర్ రెండింటికీ జవాబు చెప్పగలగాలి. జవాబులో కొత్త అంశాన్ని చేర్చవచ్చు. ఉన్నదాన్ని తీసివేయడం, పేరు మార్చడం, అంకెగా ఉన్నదాన్ని అక్షరాలుగా మార్చడం చేయకూడదు. కొత్త వెర్షన్‌కు అవసరమైన సర్వర్ మార్పులు యాప్ కన్నా ముందే వెళ్లి ఉండాలి. యాప్ తనకు తెలియని విలువ వచ్చినప్పుడు పడిపోకుండా దాన్ని పక్కనపెట్టి ముందుకు సాగేలా రాసి ఉండాలి.

మా యాప్‌లో ఫీచర్ ఫ్లాగ్‌లు ఉన్నాయి. అవి ఉంటే దశలు అక్కర్లేదు కదా?

రెండూ కావాలి. ఫీచర్ ఫ్లాగ్ అంటే ఒక ఫీచర్‌ను సర్వర్ నుంచి ఆన్, ఆఫ్ చేసే మీట లాంటిది. అది ఉంటే కొత్త ఫీచర్‌ను ఫోన్లో నిద్రపుచ్చి ఉంచి, సర్వర్ నుంచి కొద్దిమందికే మేల్కొలపవచ్చు, అవసరమైతే మళ్లీ ఆపివేయవచ్చు. వెనక్కి తీసుకోలేని చోట అంత మాత్రం వెనక్కి తీసుకోగలగడం గొప్ప వరమే. కానీ లైబ్రరీ మార్చడం, ఆండ్రాయిడ్ కొత్త ఏపీఐ స్థాయికి మారడం, బిల్డ్ పద్ధతి మార్చడం వంటివాటిని ఫ్లాగ్ వెనక దాచలేము. యాప్ తెరుచుకోగానే, ఫ్లాగ్ విలువ చదవకముందే క్రాష్ అయితే ఫ్లాగ్ ఏమీ చేయలేదు. ఫ్లాగ్ విలువలను ఫోన్లకు అందించే గూగుల్ సేవ ఫైర్‌బేస్ రిమోట్ కాన్ఫిగ్‌లో కొత్త విలువల కోసం అడిగే వ్యవధి మామూలుగా 12 గంటలు; మార్చుకోకపోతే మీరు ఆపిన ఫీచర్ కొన్ని ఫోన్లలో సగం రోజు దాకా నడుస్తూనే ఉంటుంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఫ్లాగ్ మార్చడం కూడా విడుదలే, దానికీ దశలు ఉండాలి. 2020 మే నెలలో ఫేస్‌బుక్ తన సర్వర్ వైపు చేసిన ఒక మార్పువల్ల, దాని ఎస్‌డీకేను (ఇతర యాప్‌లు తమలో చేర్చుకునే కోడ్) వాడుతున్న స్పాటిఫై, పింటరెస్ట్ వంటి ఎన్నో ఐఫోన్ యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. ఆ యాప్‌లలో దేనికీ ఆ రోజు అప్‌డేట్ వెళ్లలేదు. 2021 మార్చిలో, యాప్‌ల లోపల వెబ్ పేజీలను చూపే ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూలో వచ్చిన చిక్కుకు కూడా మూలం ప్రయోగాలను, సెట్టింగులను ఫోన్లకు పంపే యంత్రాంగంలోనే ఉంది. జీమెయిల్‌తో సహా చాలా యాప్‌లు పడిపోయాయి. మన యాప్‌ను ఎంత జాగ్రత్తగా దశలవారీగా పంపినా, అందులో మనం చేర్చుకున్న ఇతరుల కోడ్ మన దశలను పాటించదు. ఎస్‌డీకేలను చేర్చుకునేటప్పుడే ఈ సంగతి ఆలోచించాలి.

ఏ రోజు మొదలుపెడితే మంచిది?

గూగుల్ ప్లేలో శాతం మన చేతిలోనే ఉంటుంది కాబట్టి సోమ, మంగళవారాలు అనుకూలం. ఐఫోన్‌లో మాత్రం మెట్లు రోజూ వాటంతట అవే పెరుగుతాయి కాబట్టి లెక్క తిరగబడుతుంది. సోమవారం మొదలుపెడితే శనివారం 50, ఆదివారం 100 శాతానికి, అంటే ఆఫీసులో ఎవరూ లేనప్పుడు చేరుతుంది. గురువారం మొదలుపెడితే శుక్రవారం 2, శని, ఆదివారాల్లో 5, 10, సోమవారం 20, మంగళవారం 50. పెద్ద మెట్లన్నీ పనిదినాల్లో పడతాయి. మేము ఐఫోన్‌కు గురువారమే ఎంచుకుంటాము.

సంక్రాంతికి ముందు వారం రెండు రాష్ట్రాల్లోనూ బృందంలో సగంమంది ఊళ్లకు వెళతారు, వాడుకరులు కూడా ప్రయాణాల్లో ఉంటారు. బస్సు టికెట్లు, చెల్లింపుల యాప్‌లకు అదే అత్యంత రద్దీ సమయం. జనవరి మొదటి వారం దాటాక కనుమ అయ్యేదాకా కొత్త విడుదలలు పెట్టుకోకపోవడమే వివేకం.

భద్రతకు సంబంధించిన లోపాన్ని సరిచేశాము. దానికీ దశలేనా?

దశలను కుదించండి, ఎత్తేయకండి. కొన్ని గంటలపాటు 10 లేదా 20 శాతంలో చూసి వంద శాతానికి వెళ్లవచ్చు. తొందరలో చేసిన మార్పులోనే తప్పు దొర్లే అవకాశం ఎక్కువ. ఆండ్రాయిడ్‌లో యాప్ తెరిచినప్పుడే అప్‌డేట్ చేసుకోమని అడిగే ఇన్-యాప్ అప్‌డేట్ సదుపాయం ఉంది. విడుదలకు 0 నుంచి 5 దాకా ప్రాధాన్యం ఇవ్వవచ్చు. ఆ అంకెను పబ్లిషింగ్ ఏపీఐ ద్వారానే ఇవ్వాలి, విడుదల చేశాక మార్చలేరు కాబట్టి ముందే చూసుకోండి.

మొదటిసారి ప్రచురిస్తున్న యాప్‌ను దశలవారీగా పంపవచ్చా?

వీలుపడదు. శాతం పద్ధతి అప్‌డేట్‌లకు మాత్రమే. కొత్త యాప్‌కు టెస్టింగ్ ట్రాక్‌లే దశలు: ఇంటర్నల్ టెస్టింగ్‌లో వందమంది దాకా, ఆపైన క్లోజ్డ్ (మనం పిలిచినవారికే), ఓపెన్ (ఎవరైనా చేరగల) టెస్టింగ్. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలవారు ప్రొడక్షన్‌కు వెళ్లాలంటే కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ జరిపి ఉండాలి. ఐఫోన్‌కు యాపిల్ వారి టెస్టింగ్ సదుపాయమైన టెస్ట్‌ఫ్లయిట్‌లో బయటివారు పదివేలమంది దాకా ఉండవచ్చు.

‘మా అన్నయ్య ఫోన్లో కొత్త రూపం వచ్చింది, నాకు రాలేదు’ అని అడిగేవారికి సపోర్టులో ఏమి చెప్పాలి?

నిజమే చెప్పండి. ‘కొత్త అప్‌డేట్‌ను కొద్దికొద్దిమందికి పంపుతున్నామండి, మీకు కూడా కొద్ది రోజుల్లో వస్తుంది. ఈలోగా మీ యాప్ ఇప్పుడున్నట్టే పనిచేస్తుంది, మీరు ఏమీ చేయనక్కర్లేదు’ అంటే చాలు. ఐఫోన్ వారు ఇప్పుడే కావాలంటే యాప్ స్టోర్‌లో అప్‌డేట్ నొక్కి తెచ్చుకోవచ్చు. ఆండ్రాయిడ్ వారిని యాప్ తీసేసి మళ్లీ వేసుకోమని మాత్రం ఎప్పుడూ చెప్పకండి. కొత్త వెర్షన్ వస్తుందన్న హామీ లేదు, ఫోన్లో దాచుకున్న డేటా పోయే ప్రమాదం ఉంది. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్ ఇన్‌స్టాల్ ఫైలు) వేసుకోబోతున్నామంటే, అది మోసగాళ్లు వాడే దారి అని విడమరచి చెప్పి ఆపండి.

సపోర్టు బృందానికి ఏ రోజు ఎంత శాతం నడుస్తున్నదో, కొత్త వెర్షన్ సంఖ్య ఏమిటో పొద్దున్నే తెలియాలి. ఫిర్యాదు చేసిన ప్రతి ఒక్కరి వెర్షన్ సంఖ్య రాసుకోవడం ఒక్కటి అలవాటైతే, కొన్నిసార్లు గ్రాఫుల కన్నా ముందు సపోర్టు వారే తప్పును పట్టేస్తారు.

వంద శాతానికి చేరాక పని అయిపోయినట్టేనా?

అందరికీ అర్హత వచ్చిందే గాని అందరి ఫోన్లలోకీ చేరలేదు. ఆటోమేటిక్ అప్‌డేట్‌లు ఆపేసుకున్నవారు, స్టోరేజీ లేనివారు, వైఫై తగలనివారు నెలల తరబడి పాత వెర్షన్లలోనే ఉంటారు. వారిని ‘అప్‌డేట్ చేసుకుంటేనే యాప్ తెరుచుకుంటుంది’ అని బలవంతపెట్టేముందు, ఆ వెర్షన్లలో ఉన్నవారు ఎంతమందో, వారి ఫోన్ల మీద కొత్త వెర్షన్ అసలు నడుస్తుందో లేదో చూడండి. తప్పనిసరి అయితే ఆ సందేశాన్ని వారి భాషలో, ఎన్ని ఎంబీల డేటా ఖర్చవుతుందో చెబుతూ, కనీసం రెండు వారాల గడువుతో చూపించండి.

వంద శాతానికి వెళ్లిన తర్వాత దోషం బయటపడితే, ఇదివరకు గూగుల్ ప్లేలో కొత్త వెర్షన్ పంపడం తప్ప దారి ఉండేది కాదు. పూర్తిగా విడుదలైన వెర్షన్‌ను కూడా ఆపి, కొత్తగా దింపుకునేవారికి ముందటి వెర్షన్ వెళ్లేలా చేసే సదుపాయాన్ని 2025లో గూగుల్ ప్రకటించింది. దానివల్ల కొత్తగా వచ్చేవారు తప్పించుకుంటారు. ఇప్పటికే దింపుకున్నవారికి మాత్రం సరిచేసిన వెర్షన్ పంపవలసిందే, అది వారి ఫోన్ దాకా చేరిందో లేదో ఇన్‌స్టాల్ లెక్కల్లో చూస్తూ ఉండవలసిందే.